వడ్రంగి పిట్ట చెట్టుని చంపుతుందా? బరంపురం పార్కుల్లో తెగని వాదన

బరంపురంలో పొద్దున్నే వాకింగ్‌కి వెళ్ళేవాళ్ళ మధ్య ఈ వాదన తరచూ వినబడుతుంది. పార్కులో ఏ పాత నిద్రగన్నేరు చెట్టుకో పైన గుండ్రటి చిల్లు ఉంటుంది. దాని పక్కనే ఎర్ర జుట్టు, బంగారు వీపు ఉన్న పిట్ట ఒకటి టకటకమని కొడుతూ ఉంటుంది. "ఈ పిట్టే చెట్టుని తొలిచేస్తోంది, రేపు తుపాను వస్తే కొమ్మ మన నెత్తినే పడుతుంది" అని ఒకాయన అంటాడు. "పిట్టేం చేసిందండీ, పురుగుల్ని ఏరి చెట్టుకి మేలే చేస్తోంది" అని ఇంకొకాయన అందుకుంటాడు. మొదటాయనకి కొమ్మ గురించి టెన్షన్, రెండో ఆయనకి పిట్ట మీద జాలి. ఇద్దరూ చెట్టు లోపల ఏం జరుగుతోందో మాత్రం మాట్లాడరు. అసలు సంగతి అక్కడే ఉంది.

ముందు పిట్టని గుర్తుపట్టడం దగ్గర మొదలుపెడదాం. సగం గొడవ అక్కడే మొదలవుతోంది మరి.

ఊళ్ళో కనబడేది ఏ వడ్రంగి పిట్ట?

మన దేశంలో వడ్రంగి పిట్టలు చాలా రకాలున్నాయి. వాటిలో ఎక్కువ భాగం అడవి దాటి రావు. ఊళ్ళ మధ్య, రోడ్డు పక్క చెట్ల మీద, కొబ్బరి తోటల్లో నిబ్బరంగా తిరిగేవి తక్కువ. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం లాంటి ఊళ్ళలో ఎక్కువగా కంటపడేది బంగారు వీపు వడ్రంగి పిట్ట. పక్షుల పుస్తకాల్లో దీని పేరు బ్లాక్ రంప్డ్ ఫ్లేమ్‌బ్యాక్. పాత పుస్తకాల్లో లెస్సర్ గోల్డెన్‌బ్యాక్ అని ఉంటుంది. మన పక్క వీధి ఒడియా వాళ్ళు కాఠహణా అంటారు.

పొడవు 26 నుంచి 29 సెంటీమీటర్లు, అంటే గోరువంక కన్నా పెద్దది. వీపు, రెక్కల పైభాగం బంగారు పసుపు. పొట్ట తెల్లగా ఉండి దాని మీద నల్లటి గీతలు, చారలు ఉంటాయి. కంటి మీదుగా నల్లటి పట్టీ పోతుంది. గొంతు నలుపు, అందులో సన్నటి తెల్లచుక్కలు. తోక మొదట్లో, నడుం దగ్గర కూడా నలుపే. ఈ నడుం నలుపు ముఖ్యమైన గుర్తు. తూర్పు కనుమల అడవుల్లో ఇలాంటిదే ఇంకాస్త పెద్ద బంగారు వీపు పిట్ట ఉంది, దాని నడుం ఎర్రగా ఉంటుంది. చెట్టు కాండానికి అతుక్కుని ఉన్నప్పుడు నడుం సరిగా కనబడదు. ఎగిరిన ఆ ఒక్క క్షణంలోనే రెక్కల మధ్య తెలుస్తుంది.

మగా ఆడా తేడా నెత్తి మీద చూడాలి. మగదానికి నుదురు నుంచి జుట్టు చివరి దాకా ఎరుపే. ఆడదానికి నెత్తి ముందుభాగం నలుపు, దాని మీద తెల్లచుక్కలు, వెనక జుట్టు మాత్రమే ఎరుపు. ఈ ఏడాది పుట్టిన పిల్లలు ఆడదానిలాగే ఉంటాయి కానీ రంగు మాసినట్టు ఉంటుంది. అందుకే మే, జూన్ నెలల్లో ఒకే చెట్టు మీద నాలుగైదు కనబడితే వాటిని వేరే జాతి అనుకోనక్కరలేదు, చాలావరకు అది ఒకే కుటుంబం.

రెండోది పసుపు నెత్తి వడ్రంగి పిట్ట. ఇది చిన్నది, 18 సెంటీమీటర్లు ఉంటుందేమో. నలుపు తెలుపు చుక్కల ఒళ్ళు, పొట్ట కింద చిన్న ఎర్ర మచ్చ. మగదానికి పసుపు నుదురు వెనక ఎరుపు కూడా ఉంటుంది. ఇది ఎండ భూముల పిట్ట, పల్చటి అడవి, తుమ్మ చెట్లు, పొలం గట్లు దీనికి ఇష్టం. చంద్రపూర్, గడ్చిరోలి వైపు ఉండే మన వాళ్ళకి ఇది బాగా పరిచయం. మూడోది ఇంకా చిన్నది, పిచ్చుక పరిమాణం, 13 సెంటీమీటర్లే. నెత్తి గోధుమరంగు, ఒంటి మీద తెల్ల చారలు. చిటారు కొమ్మల్లో సన్నటి రెమ్మల మీద పాకుతూ ఉంటుంది కాబట్టి మెడ నొప్పి పుట్టేదాకా చూస్తే తప్ప కనబడదు.

వడ్రంగి పిట్ట కానివి

పార్కు గడ్డిలో తలమీద విసనకర్ర విప్పుతూ, పొడవాటి వంపు ముక్కుతో నేలని పొడుస్తూ నడిచే పిట్టని చాలామంది వడ్రంగి పిట్ట అంటారు. అది హూపో. చెట్టుని తొలిచే ముక్కు కాదది, మట్టిలో పురుగుని పట్టే సన్నటి పట్టకారు ముక్కు. చెట్టు తొర్రలో గూడు పెడుతుంది కానీ తొర్ర తను చెయ్యలేదు.

రెండో పొరపాటుకి కొంత ఆధారం ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం రావి చెట్టు మీంచి టుక్ టుక్ టుక్ అని ఒకే తాళంలో గంటల తరబడి వినబడే శబ్దం వడ్రంగి పిట్టది కాదు, కంసాలి పిట్టది. అది చెక్క మీద కొడుతున్న చప్పుడు కూడా కాదు, దాని గొంతే. ఆకుపచ్చ ఒళ్ళు, ఎర్ర నుదురు, పిచ్చుక కన్నా కాస్త పెద్దగా ఉంటుంది. రావి, మర్రి పళ్ళు తిని బతుకుతుంది. కానీ అది కూడా ఎండిన కొమ్మల్లో గుండ్రటి చిల్లు తొలిచి గూడు పెట్టుకుంటుంది. వడ్రంగి పిట్టలకి, కంసాలి పిట్టకి దూరపు చుట్టరికం ఉంది, రెండూ ఒకే వర్గం పక్షులు. కాబట్టి పార్కులో కొమ్మ అడుగున కనబడిన చిన్న గుండ్రటి చిల్లుకి బంగారు వీపు పిట్టని నిందించే ముందు, అసలు అది ఎవరి పని అన్నది ఒకసారి చూడాలి. కంసాలి పిట్ట చిల్లు రూపాయి బిళ్ళ కన్నా కొంచెం పెద్దదిగా ఉంటుంది. బంగారు వీపు పిట్టది చిన్నపిల్లల పిడికిలి దూరేంత ఉంటుంది.

మూడు రకాల కొట్టుడు

వడ్రంగి పిట్ట చెట్టుని ఎందుకు కొడుతుందో తెలిస్తే చిల్లుల సంగతి సగం తేలిపోతుంది. ఒక్కో పనికి ఒక్కో రకం కొట్టుడు ఉంటుంది.

మొదటిది తిండి కోసం. దగ్గర్నుంచి చూస్తే ఇది చాలా తీరిగ్గా జరిగే పని. పిట్ట కాండం మీద కింద వాలి, చిన్న చిన్న గెంతులతో పైకి మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. రెండు గెంతులకోసారి ఆగి, తల పక్కకి వంచి, బెరడుని ఒకసారి తట్టి చూస్తుంది. అక్కడ నచ్చకపోతే కాండం అవతలి వైపుకి జారుకుంటుంది. మనం ఇటు తిరిగితే అది అటు తిరుగుతుంది. ఎక్కడైనా బెరడు కింద డొల్లగా ఉంటే అక్కడ ఆగుతుంది. నాలుగైదు దెబ్బలు పక్క నుంచి వేసి బెరడు పెచ్చుని లేపుతుంది, తర్వాత నాలుక పంపుతుంది. బెరడు కింద ఉండే పెంకు పురుగుల పిల్లలు, చీమలు, చెదలు దాని తిండి. చెదపుట్టల మీద వాలడం, నేల మీదికి దిగి చీమలు తినడం కూడా చేస్తుంది. పువ్వుల్లో తేనె దొరికితే వదలదు, బూరుగు పూసిన రోజుల్లో గమనించండి. ఈ తిండి పని వల్ల చెట్టు మీద లోతులేని గాట్లు, ఊడిన బెరడు పెచ్చులు మిగులుతాయి.

రెండోది డప్పు. పాడే పిట్టలు పాటతో చేసే పనిని వడ్రంగి పిట్టలు చెక్క మీద చప్పుడుతో చేస్తాయి. ఇది నా హద్దు అని పోటీదారుకి చెప్పడం, జోడీని పిలవడం. ఇందులో దెబ్బలు విడివిడిగా వినబడవు, కలిసిపోయి ఒక మోతలా ఉంటాయి. ప్రపంచంలోని వడ్రంగి పిట్టల్లో కొన్ని సెకనుకి 20 దెబ్బల దాకా వేస్తాయి. మోత బాగా రావాలి కాబట్టి ఎండిన, డొల్ల కొమ్మనే ఎంచుకుంటాయి. ఈ పనితో చెట్టుకి చిల్లు పడదు. మన బంగారు వీపు పిట్ట అయితే డప్పు కన్నా గొంతునే ఎక్కువ వాడుకుంటుంది. ఎగురుతూ కిరికిరికిరి అని గట్టిగా నవ్వినట్టు అరుస్తుంది. పైకీ కిందికీ అలలా సాగే దాని ఎగురుడూ ఆ అరుపూ కలిస్తే కళ్ళు మూసుకుని కూడా చెప్పెయ్యొచ్చు.

మూడోది గూడు. వాదనంతా నిజానికి దీని గురించే. గూటి చిల్లు ముందు అడ్డంగా లోపలికి పోయి తర్వాత కిందికి తిరిగి ఒక గది అవుతుంది. మగా ఆడా వంతులేసుకుని రోజుల తరబడి తొలుస్తాయి. ఆ రోజుల్లో చెట్టు కింద నేల మీద చూస్తే లేత రంగు చెక్క పేళ్ళు చిన్న చిన్నవి చిమ్మినట్టు పడి ఉంటాయి. కాండం తొలిచే పురుగు రాల్చేది వేరు, అది రంపపు పొట్టులా మెత్తగా ఉండి చిన్న రంధ్రాల దగ్గర కుప్ప పడుతుంది. పేళ్ళు కనబడితే పిట్ట పని, పొట్టు కనబడితే పురుగు పని. లోపల గడ్డీ గాదమూ ఏమీ పరవవు, ఆ చెక్క పేళ్ళ మీదే సాధారణంగా మూడు తెల్లటి మెరిసే గుడ్లు పెడతాయి. 11 రోజులకి గుడ్లు పొదిగి పిల్లలవుతాయి, మరో 20 రోజులకి పిల్లలు గూడు వదులుతాయి.

అంత గట్టిగా కొడితే తల తిరగదా?

పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. పెద్దలు చెప్పే జవాబే ఈ మధ్య మారింది.

ముందు పనిముట్లు చూద్దాం. కాలికి నాలుగు వేళ్ళు, రెండు ముందుకి, రెండు వెనక్కి. అందులో వెనకది ఒకటి బాగా చిన్నది. తోక ఈకలు గట్టిగా, చివర మొనదేలి ఉంటాయి. వాటిని కాండానికి ఆనించి మూడో కాలుగా వాడుకుంటుంది. ఈకలు రాల్చే కాలంలో కూడా నడిమి రెండు తోక ఈకల్ని ఆఖరున వదులుకుంటుంది, ఊతం పోకూడదని. ముక్కు రంధ్రాల మీద సన్నటి వెంట్రుకల్లాంటి ఈకలుండి చెక్క పొడిని ఆపుతాయి. నాలుక సంగతి నమ్మడం కష్టం. దాని ఆధారపు ఎముకలు దవడ కింద నుంచి బయలుదేరి, తల వెనక చుట్టూ తిరిగి పుర్రె మీదుగా ముందుకి వస్తాయి. అందుకే ముక్కు కన్నా చాలా పొడవుగా బయటికి చాచగలుగుతుంది. చివర ముళ్ళు, జిగురు ఉంటాయి.

తల విషయంలో చాలాకాలం చెప్పిన మాట ఏమిటంటే, పుర్రెలో స్పాంజిలాంటి ఎముక ఉండి అది షాక్ అబ్జార్బర్‌లా దెబ్బని పీల్చేస్తుందని. హెల్మెట్లు చేసేవాళ్ళు కూడా దీన్నుంచి స్ఫూర్తి తీసుకున్నారు. 2022లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మూడు జాతుల వడ్రంగి పిట్టల్ని హైస్పీడ్ కెమెరాతో తీసి చూస్తే అలా లేదు. పుర్రె, ముక్కు కలిసి గట్టి సుత్తిలా ఒక్కసారే ఆగుతున్నాయి. ఆలోచిస్తే ఇదే సబబు. దెబ్బని తలే పీల్చేసుకుంటే చెక్కకి తగిలేది తగ్గిపోతుంది, అదే చిల్లు పెట్టడానికి ఇంకా గట్టిగా కొట్టాలి. మరి మెదడు ఎలా తట్టుకుంటోంది? చిన్నది కావడం వల్ల. అంత చిన్న పరిమాణం ఉన్న మెదడులో దెబ్బకి పుట్టే ఒత్తిడి మనకి ప్రమాదకరమైన స్థాయికి చేరదని వాళ్ళ లెక్క.

దీనికి ఒక మెలిక ఉంది. 2018లో అమెరికాలో మ్యూజియంలలో దాచిన వడ్రంగి పిట్టల మెదళ్ళు పరీక్షిస్తే, తలకి పదే పదే దెబ్బలు తగిలిన మనుషుల్లో కనబడే టౌ అనే ప్రోటీన్ పోగుపడి కనబడింది. అది దెబ్బకి గుర్తా, లేక మెదడుని కాపాడుకునే ఏర్పాటా అన్నది ఆ అధ్యయనం తేల్చలేదు. కాబట్టి "వడ్రంగి పిట్టకి ఏమీ కాదు" అని గట్టిగా చెప్పేసే వాట్సాప్ మెసేజీలు ఉన్న ఆధారం కన్నా ఒక అడుగు ముందుకేసినట్టే.

చిల్లు పడితే చెట్టు చస్తుందా?

చెట్టు కాండంలో బతికున్న భాగం చాలా పలచన. బెరడు లోపలి పొరలో ఆకులు వండిన ఆహారం కిందికి దిగుతుంది. దాని వెనకే సన్నటి జీవపొర ఉంటుంది, కాండం లావెక్కేది అక్కడే. ఆ లోపల తెల్లచెక్కలో నీళ్ళు పైకెక్కుతాయి. ఇంకా లోపలి నడిమి చేవ బలానికే తప్ప జీవానికి కాదు, అది దాదాపు చచ్చిన చెక్క. నడుమంతా డొల్లైపోయి కూడా పచ్చగా ఉన్న చింత చెట్లు, రావి చెట్లు మన ఊళ్ళలో లేని వీధి ఉండదు. అవి బతకడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. 180 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న నిద్రగన్నేరు కాండానికి 6 సెంటీమీటర్ల వెడల్పు గూటి చిల్లు పడిందనుకోండి. ఆ ఎత్తులో బతికున్న పొర చుట్టూ 180 సెంటీమీటర్లుంటే, తెగింది 6. అంటే నూటికి మూడు పాళ్ళ పైచిలుకు. మిగతా 96 పాళ్ళ నుంచి నీళ్ళూ ఆహారమూ నడుస్తూనే ఉంటాయి. అదే చెట్టుకి సీరియల్ లైట్ల కోసం బిగించిన ఇనప తీగ ఏళ్ళ తరబడి విప్పకుండా వదిలేస్తే, కాండం లావెక్కేకొద్దీ తీగ చుట్టూ ఉన్న పొర మొత్తాన్నీ నొక్కేస్తుంది. చెట్టు ప్రాణానికి ఆ తీగ ఈ పిట్ట కన్నా ఎన్నో రెట్లు ప్రమాదం. పార్కుల్లో తీగల మీద ఎవరూ ఫిర్యాదు రాయగా నేను చూడలేదు.

రెండో లెక్క బలం గురించి. లోపల డొల్లైన గొట్టం ఎందుకు విరగదో సైకిల్ ఫ్రేము చూస్తే తెలుస్తుంది. వంగకుండా ఆపే బలమంతా అంచుల్లో ఉంటుంది, నడుమ భాగం సాయం తక్కువ. గుండ్రటి కాండం మధ్యలో గుండ్రటి డొల్ల ఉంటే, తగ్గే బలం డొల్ల వ్యాసాన్ని కాండం వ్యాసంతో భాగించి, వచ్చినదాన్ని నాలుగుసార్లు వేసి గుణిస్తే వస్తుంది. 45 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న కాండంలో 15 సెంటీమీటర్ల గూటి గది ఉంటే, మూడో వంతు. మూడో వంతుని నాలుగుసార్లు గుణిస్తే 81లో ఒక వంతు, అంటే నూటికి ఒకటి పైన. ఏమీ కానట్టే. అదే గది 20 సెంటీమీటర్ల కొమ్మలో ఉంటే ముప్పావు వంతు, నాలుగుసార్లు గుణిస్తే నూటికి దాదాపు 32. అంటే కొమ్మ బలంలో మూడో వంతు పోయింది. పైగా ఈ లెక్కలో బయటి చిల్లు అంచు దగ్గర వచ్చే బలహీనత కలవలేదు, డొల్ల చుట్టూ పాకిన కుళ్ళు కూడా కలవలేదు.

ఇక్కడే మొదటాయన భయానికి చోటు దొరుకుతుంది. లావు కాండంలో గూడు ఉంటే భయం అక్కరలేదు. దారి మీదికి వంగిన సన్న కొమ్మలో గూడు ఉంటే ఆ కొమ్మ సంగతి పట్టించుకోవాల్సిందే. కాకపోతే పిట్ట లేకపోయినా ఆ కొమ్మ సంగతి పట్టించుకోవాల్సిందే, ఎందుకంటే పిట్ట అక్కడికి వచ్చిందే ఆ కొమ్మ కుళ్ళింది కాబట్టి.

ఆ కుళ్ళు ఎక్కడి నుంచి వస్తుంది? చాలావరకు బూజు జాతుల నుంచి. కరెంటు తీగలకి అడ్డమని కొమ్మని మధ్యలో నరికి మొండెం వదిలేస్తారు చూడండి, ఆ మొండెం మూసుకోదు. వాన నీరు, బూజు లోపలికి దిగుతాయి. రెండు మూడేళ్ళకి ఆ చెక్క మెత్తబడుతుంది. బంగారు వీపు పిట్టకి కావలసింది అదే, బయట గట్టిగా ఉండి లోపల మెత్తబడిన చెక్క. పచ్చి, గట్టి చెక్కని తొలవడం దానికి దండగ శ్రమ.

అయితే పిట్టకి బూజుతో ఏ సంబంధమూ లేదని కూడా అనలేం. అమెరికాలో బతికున్న పైన్ చెట్లలో ఏళ్ళ తరబడి గూడు తొలిచే ఒక జాతి వడ్రంగి పిట్ట తన ఒంటి మీద చెక్కని కుళ్ళబెట్టే బూజుల్ని ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి మోస్తుందని 2016లో వచ్చిన అధ్యయనం చూపించింది. అంటే కొన్ని చోట్ల పిట్ట, బూజు ఒకరికొకరు సాయం చేసుకుంటాయి. ఆ పిట్ట అలవాటు వేరు, అది పచ్చి చెట్టునే ఎంచుకుంటుంది. మన పిట్ట మెత్తబడిన చెక్క వెతుక్కుంటుంది. అందుకని అమెరికా ఫలితాన్ని యథాతథంగా ఇక్కడికి దింపలేం, అలాగని పక్కన పడెయ్యనూ లేం.

యూట్యూబ్‌లో చెట్టు చుట్టూ వరసలు వరసలుగా చిల్లులు చూపించే వీడియోల గురించి కూడా ఒక మాట. అవి ఉత్తర అమెరికాలో చెట్టు రసం తాగే సాప్‌సకర్ అనే జాతివి. అవి చెట్టుకి నిజంగానే నష్టం చేస్తాయి. మన దేశంలో అవి లేవు. రసం కోసం గుంటలు చేసే వేరే జాతి ఒకటి హిమాలయాల్లో ఉంది, మన వైపు కాదు.

కొబ్బరి రైతు మాట

ఇచ్ఛాపురం దాటి కవిటి, సోంపేట వైపు, ఇటు గంజాం తీరం వెంట కొబ్బరి తోటలున్నవాళ్ళని అడిగితే పిట్ట మీద ఇంత సానుభూతి ఉండదు. బంగారు వీపు పిట్టకి కొబ్బరి చెట్టంటే ఇష్టం, కాండానికి చిల్లు పెడుతుంది. కొబ్బరికి చెట్టు చుట్టూ జీవపొర ఉండదు, మామిడిలా గాయాన్ని కొత్త బెరడుతో కప్పుకోలేదు. పడిన చిల్లు పడినట్టే ఉండిపోతుంది. రెండో భయం ఎర్ర ముక్కు పురుగు. అది కాండం మీది గాయాల్లో గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగులు లోపలి మెత్తటి భాగాన్ని తింటాయి. బయటికి గోధుమరంగు జిగురు కారేసరికి చాలా ఆలస్యమైపోయి ఉంటుంది. కాబట్టి పిట్ట చేసిన గాయం పురుగుకి తలుపు కాదా అనే రైతు ప్రశ్న న్యాయమైనదే.

అవతలి వైపు వాదన కూడా బలమైనదే. ఆ పురుగుకి గాయం కావాలి, ఎవరు చేసినా ఒకటే. మట్టలు పచ్చిగా నరకడం, ఎక్కడానికి కాండం మీద గాట్లు పెట్టడం, కొమ్ము పురుగు మొవ్వుని తొలవడం, ఇవన్నీ కూడా తలుపులే. పైగా పిట్ట బెరడు కింద వెతికేది పురుగు పిల్లల్నే. నా మటుకు, తోటలో పచ్చి చెట్టుకి పిట్ట చిల్లు కనబడితే అది ఆ చెట్టులో ఏదో మొదలైందన్న సూచనగా తీసుకోవడమే మేలనిపిస్తుంది. రైతుకి ఆ సూచన అక్కరకొచ్చే సమయానికి అందుతుందా అన్నది వేరే ప్రశ్న.

తుపాన్లు ఈ కథని ఇంకా చిక్కు చేశాయి. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, గాలి గంటకి 200 కిలోమీటర్లు దాటి వీచింది. బరంపురం ఆ దారిలోనే ఉంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసింది, ఇటు గజపతి, గంజాం జిల్లాల్నీ ముంచింది. కొబ్బరికి ఎదిగే మొగ్గ ఒక్కటే, తలలో ఉంటుంది. తల విరిగితే చెట్టు చస్తుంది కానీ మొండి కాండం నిలబడే ఉంటుంది. అలా నిలిచిన మొండి కాండాలు కొన్నేళ్ళపాటు వడ్రంగి పిట్టలకి సరిపడ్డ ఇళ్ళు. తర్వాత అవీ పడిపోతాయి, కొత్తగా నాటిన మొక్కల్లో చిల్లు పెట్టేంత ముదురు చెక్క ఉండదు.

ఎండిన చెట్టు ఉంచాలా, తీయాలా?

వాదన అసలు ముడి ఇది. పిట్టని మధ్యలోంచి తీసేస్తే మిగిలే ప్రశ్న కూడా ఇదే.

తీయాలనేవాళ్ళ దగ్గర మంచి కారణాలున్నాయి. ఇది తుపాను తీరం. పిల్లలు ఆడే చోట, బెంచీల మీద, దారి మీద ఎండిన కొమ్మ వేలాడుతుంటే ప్రమాదమే. పార్కు చూసుకునేవాళ్ళకి చెట్టు పడి ఎవరికైనా తగిలితే జవాబు చెప్పాల్సింది వాళ్ళే, పిట్ట కాదు.

ఉంచాలనేవాళ్ళ కారణం ఒక్క వడ్రంగి పిట్ట దగ్గర ఆగదు. ఈ పిట్ట సాధారణంగా ప్రతి ఏడూ కొత్త గూడు తొలుచుకుంటుంది. పాతది ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ ఇళ్ళకి ఊళ్ళో ఎంత డిమాండో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. చిలకలు, గోరువంకలు, చిన్న గుడ్లగూబలు, ఉడతలు అన్నీ అందులోకే దూరతాయి. ఒడిశా రాష్ట్ర పక్షి పాలపిట్టకి కూడా చెట్టు తొర్ర కావాలి, తొలిచే ముక్కు దానికి లేదు. కొన్నిసార్లు చిలకలూ గోరువంకలూ ఇల్లు ఖాళీ అయ్యేదాకా కూడా ఆగవు, వడ్రంగి పిట్ట కొత్తగా తొలిచిన గూటి ముందే గొడవకి దిగి లాక్కుంటాయి. వడ్రంగి పిట్ట కూడా అవకాశం దొరికితే వేరే పిట్ట తొర్రని ఆక్రమిస్తుంది, కాబట్టి దాన్నొక్కదాన్నే అమాయకురాలిని చెయ్యనక్కరలేదు.

ఈ రెండు వైపుల మధ్య చాలా చోట్ల కుదిరిన పద్ధతి ఒకటుంది. ఎండిన చెట్టు మొత్తాన్ని తీయకుండా, పక్కలకి చాచిన కొమ్మలు కొట్టేసి, గాలికి ఊగని ఎత్తులో లావు కాండాన్ని మాత్రం నిలబెడతారు. పైనున్న లెక్క గుర్తుంటే ఇది ఎందుకు పనిచేస్తుందో తెలుస్తుంది. ప్రమాదం ఎక్కువగా సన్న కొమ్మల్లో, పొడవాటి చేతుల్లో ఉంది. పిట్టకి కావలసింది లావు మొండెం. మనిషి నడిచే చోటికి దూరంగా ఉన్న చెట్టుకి ఇది సరిపోతుంది. దారికి ఆనుకున్న, వేరు దగ్గరే కుళ్ళిన చెట్టుకి సరిపోదు, అక్కడ తీయాలనేవాళ్ళ మాటే నెగ్గాలి.

చట్టం వైపు నుంచి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వడ్రంగి పిట్టలు రక్షిత పక్షులు. పట్టడం, చంపడం, గుడ్లు తీయడం నేరం. ప్రపంచ స్థాయిలో చూస్తే బంగారు వీపు పిట్ట ప్రమాదంలో ఉన్న జాతి కాదు, దాని సంఖ్య గురించి ఇప్పట్లో గాభరా పడే పని లేదు.

క్యాలెండర్ దగ్గర వచ్చే చిక్కు

ఈ పిట్ట గూడు కాలం వాతావరణాన్ని బట్టి మారినా, ఎక్కువగా ఫిబ్రవరి నుంచి జులై మధ్య ఉంటుంది. మన ఊళ్ళలో కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టే పని కూడా సరిగ్గా వానలకి ముందు, ఏప్రిల్, మే నెలల్లోనే పడుతుంది. ఎవరూ కావాలని చేసింది కాదు. కాలబైశాఖి అనే ఎండాకాలపు ఈదురుగాలులకి, జూన్ వానలకి ముందు తీగలు సర్దుకోవాలి, పిట్టకేమో అదే సమయంలో పురుగులు దొరుకుతాయి, పిల్లల్ని పెంచాలి. గుడ్డు పెట్టిన రోజు నుంచి పిల్ల ఎగిరేదాకా లెక్క వేస్తే నెల కన్నా కొంచెం ఎక్కువ. అక్టోబర్‌లో తుపాను కాలం మొదలయ్యేసరికి గూళ్ళన్నీ ఖాళీగా ఉంటాయి. అందుకే పార్కు లోపలి చెట్లకి, అంటే తీగలతో పని లేని చెట్లకి, ఆగస్టు, సెప్టెంబర్‌లలో కొమ్మలు కొట్టినా తుపాను ముందు పని అయినట్టే, గూడూ చెదరదు. తీగల కింద ఉన్న చెట్లకి ఈ వీలు లేదు. అక్కడ కొమ్మలు మేలోనే పోతాయి. మిగిలిన మొండెంలోకి ఆ జూన్ వాన నీరే దిగుతుంది, మరో రెండు మూడేళ్ళకి అందులో ఇంకో చిల్లు పడుతుంది.